అందరి చెరువు

దాహం వేసినవారికి నీరు ఇవ్వడం గొప్ప ధర్మమని మన పెద్దలు చెప్పారు. ఎండాకాలం రాగానే వీధి మొగలో చలివేంద్రం పెట్టడం మన ఊళ్ళలో ఉన్న ఆచారమే. అటువంటి దేశంలో ఊరి చెరువులోని నీటిని ముట్టుకునే హక్కు కోసం వేలాదిమంది ఊరేగింపుగా నడవవలసి వచ్చింది. ఆ హక్కును నిలబెట్టుకోవడానికి దాదాపు పదేళ్ళు న్యాయస్థానాల మెట్లు ఎక్కవలసి వచ్చింది. ఆ నడకలో ముందు నిలిచినవారు డాక్టర్ భీమ్‌రావ్ రామ్‌జీ అంబేద్కర్. భారత రాజ్యాంగ నిర్మాతగా ఆయన పేరు మనందరికీ తెలుసు. ఆయన తన జీవితంలో పడిన ఒక్కొక్క అవమానం ఒక్కొక్క చట్టానికి ఎట్లా బీజమయిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మధ్యభారతంలోని మౌ అనే సైనిక కేంద్రంలో జన్మించారు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. తల్లి భీమాబాయి. వారి స్వగ్రామం మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లా అంబడవే. వారిది మహర్ కులం. ఆనాటి సమాజం ఆ కులాన్ని అంటరానిదిగా చూసేది. తండ్రికి చదువంటే ప్రాణం. కొడుకు పెద్ద చదువులు చదవాలని ఆయన ఎన్నో కష్టాలు పడ్డాడు. భీమ్‌రావు చిన్నతనంలోనే తల్లి మరణించింది.

భీమ్‌రావు సతారాలో బడికి వెళ్ళేవాడు. బడిలో చేరడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. కాని మిగిలిన పిల్లలతో కలిసి కూర్చోవడానికి వీలులేదు. ఇంటి నుంచి ఒక గోనెపట్టా తెచ్చుకుని దానిమీద విడిగా కూర్చోవాలి. సాయంత్రం దానిని ఇంటికి తీసుకుపోవాలి. బడి ఊడ్చే పనివాడు కూడా దానిని తాకేవాడు కాదు. దాహం వేస్తే కుండను ముట్టుకోరాదు. బంట్రోతు వచ్చి పైనుంచి నీరు పోస్తేనే దోసిలి పట్టి తాగాలి. బంట్రోతు రాని రోజున ఆ పిల్లవానికి నీరు లేదు. బడి అందరిదీ అని ప్రభుత్వం చెప్పినా, ఆ బడిలోని కుండ అందరిదీ కాలేదు.

1901లో జరిగిన ఒక సంఘటన ఆ బాలుని మనసులో చెరగని ముద్ర వేసింది. తండ్రి అప్పుడు గోరెగావ్‌లో క్యాషియరు ఉద్యోగం చేస్తున్నాడు. వేసవి సెలవులలో తండ్రి దగ్గరకు వెళ్ళడానికి భీమ్‌రావు, అతని అన్న, అక్క పిల్లలు రైలెక్కి మసూరు స్టేషనులో దిగారు. వారు వస్తున్నట్లు రాసిన ఉత్తరం తండ్రికి అందలేదు. వారిని తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. మంచి బట్టలు కట్టుకున్న పిల్లలను చూచి స్టేషను మాస్టరు మొదట ఆదరంగా పలకరించాడు. వారి కులం తెలియగానే ముఖం మార్చుకుని వెళ్ళిపోయాడు. బండివాళ్ళెవరూ వారిని ఎక్కించుకోవడానికి ఒప్పుకోలేదు. చివరకు రెట్టింపు బాడుగ ఇచ్చి, బండిని పిల్లలే తోలుకునేటట్లు, బండివాడు పక్కన నడిచేటట్లు ఒప్పందం కుదిరింది. వారి దగ్గర తినడానికి కావలసినంత ఆహారం ఉన్నది. తాగడానికి మాత్రం నీరు దొరకలేదు. దారిలో ఎవరూ నీరు ఇవ్వలేదు. నీరు లేక అన్నం తినలేక ఆ పసివాళ్ళు ఆ రాత్రి పస్తు పడుకున్నారు. డబ్బు చేతిలో ఉన్నా, ఆ డబ్బుకు అందరికీ దొరికే సేవ తమకు దొరకదని భీమ్‌రావుకు ఆనాడు తెలిసింది.

కుటుంబం బొంబాయికి మారిన తరువాత అతడు ఎల్ఫిన్‌స్టన్ ఉన్నత పాఠశాలలో చదివి 1907లో మెట్రిక్యులేషన్ పూర్తి చేశాడు. 1912లో బి.ఏ. పట్టం పొందాడు. బరోడా మహారాజు శాయాజీరావ్ గైక్వాడ్ అతని ప్రతిభను గుర్తించి విద్యార్థి వేతనం ఇచ్చారు. దాని సాయంతో 1913లో అమెరికా వెళ్ళి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరాడు. 1915లో ఎం.ఏ. పొంది, మరుసటి ఏడు పై చదువుల కోసం లండన్ చేరుకున్నాడు.

బరోడా సంస్థానంలో పదేళ్ళు ఉద్యోగం చేస్తానని ఒప్పుకున్నందువల్ల 1917లో అంబేద్కర్ స్వదేశం వచ్చారు. పెద్ద చదువు చదివి పెద్ద కొలువులో చేరినా కులం ఆయన వెంట వచ్చింది. బంట్రోతులు కాగితాల కట్టలను దూరం నుంచే ఆయన బల్లమీద విసిరేవారు. కచేరీలో తాగడానికి నీరు దొరికేది కాదు. ఊరిలో అద్దెకు ఇల్లు దొరకలేదు. ఒక సత్రంలో తన కులం తెలియనివ్వకుండా దిగారు. పదకొండవ రోజున కొందరు కర్రలు పట్టుకుని వచ్చి ఆయనను బయటకు వెళ్ళగొట్టారు. తలదాచుకునే చోటు లేక ఒక తోటలో కూర్చుని సాయంత్రం దాకా గడిపి, రాత్రి రైలులో బొంబాయికి తిరిగి వచ్చారు. మహారాజు ఉద్యోగమైతే ఇచ్చారు. ఆ ఉద్యోగిని గౌరవంగా పనిచేసుకోనిచ్చే కచేరీని మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఉద్యోగం ఇచ్చినంత మాత్రాన యజమాని బాధ్యత తీరదని ఈ సంఘటన మనకు తెలుపుతున్నది.

1918లో ఆయన బొంబాయిలోని సిడెన్‌హామ్ కళాశాలలో అర్థశాస్త్రం బోధించడానికి చేరారు. విద్యార్థులు ఆయన పాఠాలను శ్రద్ధగా వినేవారు. కాని అధ్యాపకుల గదిలోని నీటి కూజాను ఆయన తాకడానికి తోటి అధ్యాపకులలో కొందరు అభ్యంతరం చెప్పారు. కొల్హాపూరు పాలకుడు సాహూ మహారాజు తోడ్పాటుతో 1920లో మూక్‌నాయక్ అనే మరాఠీ పత్రికను ప్రారంభించారు. అదే ఏడు మళ్ళీ లండన్ వెళ్ళి, అర్థశాస్త్రంలో అత్యున్నత పట్టం పొంది, బారిస్టరై 1923లో తిరిగి వచ్చారు.

ఆ ఏడాదే బొంబాయి శాసన మండలిలో ఒక ముఖ్యమైన తీర్మానం జరిగింది. సీతారామ్ కేశవ్ బోలే అనే సభ్యుడు దానిని ప్రవేశపెట్టారు. ప్రజాధనంతో కట్టిన బావులు, చెరువులు, ధర్మశాలలు, బడులు, న్యాయస్థానాలు, కచేరీలు, వైద్యశాలలను అంటరానివారు కూడా వాడుకోవచ్చునని దాని సారాంశం. కొలాబా జిల్లాలోని మహాడ్ పురపాలక సంఘం దీనిని అనుసరించి ఊరిలోని చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ 1924లో తీర్మానించింది. కాని ఆ తీర్మానం కాగితంమీదనే నిలిచిపోయింది. చెరువు దగ్గరకు పోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

1927 మార్చి 19, 20 తేదీలలో మహాడ్‌లో అంటరానివారి మహాసభ జరిగింది. పల్లె పల్లె నుంచి వేలాదిమంది నడిచి వచ్చారు. సభకు వచ్చినవారి దాహం తీర్చడానికి నిర్వాహకులు నలభై రూపాయలు పెట్టి నీరు కొనవలసి వచ్చింది. ఊరి నడుమ నిండు చెరువు ఉన్నది. చట్ట ప్రకారం అది వారిది కూడా. అయినా వారు నీరు కొనుక్కున్నారు. రెండవ రోజున అంబేద్కర్ ముందు నడువగా జనమంతా వరుసలు తీరి, ఏ అలజడీ లేకుండా చెరువు దగ్గరకు వెళ్ళారు. ఆయన దోసిలితో నీరు తీసుకుని తాగారు. వెంట వచ్చినవారు కూడా తాగారు. నీటి రుచి చూడడానికి వారు అక్కడికి పోలేదు. తాము కూడా అందరివంటి మనుషులమేనని చూపడానికి పోయారు.

తిరిగి వస్తున్నవారిపైన ఊరిలోని కొందరు దాడి చేశారు. దెబ్బలు తిన్నవారు తిరిగి కొట్టడానికి సిద్ధమైనా అంబేద్కర్ వారిని వారించారు. అటు తరువాత చెరువు మైలపడిందని చెప్పి కుండలకొద్దీ పంచగవ్యం పోసి శుద్ధి చేశారు. ఆ ఏడు డిసెంబరులో మళ్ళీ మహాడ్‌లో సభ జరిగింది. అసమానతను బోధిస్తున్నదని మనుస్మృతిని ఆ సభలో తగులబెట్టారు. ఈసారి చెరువు నీరు తాగడానికి వేలమంది సంసిద్ధులై వచ్చారు. కాని ఆ లోపలే ఎదుటిపక్షంవారు న్యాయస్థానానికి వెళ్ళి తాత్కాలిక నిషేధపు ఉత్తర్వు తెచ్చుకున్నారు. అంత జనం వెంట ఉన్నా అంబేద్కర్ ఆ ఉత్తర్వును మీరలేదు. వ్యాజ్యం తేలేదాకా ఆగుదామని జనానికి నచ్చజెప్పారు. కోపంతో వచ్చిన జనాన్ని ఆపడం తేలికైన పని కాదు. కాని చట్టం ద్వారా హక్కు కోరేవాడు చట్టాన్ని తానే కాలదన్నరాదని ఆయన నమ్మారు. వ్యాజ్యం కింది న్యాయస్థానాలను దాటి బొంబాయి హైకోర్టుకు చేరింది. అంటరానివారిని దూరంగా ఉంచడం అనాదిగా వస్తున్న ఆచారమన్న వాదన రుజువు కాలేదని హైకోర్టు 1937లో తీర్పు చెప్పింది. చవదార్ చెరువు అందరి చెరువు అయింది.

నీటి విషయంలో ఉన్న అన్యాయమే పని విషయంలోనూ ఉండేది. బొంబాయి నూలు మిల్లులలో దేశం నలుమూలల నుంచి వచ్చినవారు పనిచేసేవారు. తెలుగు నాడు నుంచి వెళ్ళిన కార్మికులు కూడా వారిలో ఉండేవారు. మిల్లులో నేత విభాగంలో కూలి ఎక్కువ. కాని ఆ విభాగంలోకి అంటరానివారిని రానిచ్చేవారు కాదు. నేతలో పోగును ఒక్కొక్కప్పుడు నోటితో తడిపి పట్టుకోవలసి వచ్చేది. అంటరానివారు నోట పెట్టిన పోగును తాము ముట్టుకోబోమని మిగిలిన కార్మికులు అనేవారు. 1928లో బొంబాయిలో మిల్లు కార్మికుల పెద్ద సమ్మె జరిగింది. కార్మికుల కోరికల జాబితాలో, నేత విభాగంలో పనిచేసే హక్కు అంటరానివారికి ఉండాలన్న కోరికను కూడా చేర్చాలని అంబేద్కర్ పట్టుబట్టారు. నాయకులు మొదట వెనుకాడినా చివరకు ఒప్పుకున్నారు. ఈ అడ్డుగోడ కట్టినవారు యజమానులు మాత్రమే కారు. సాటి కార్మికులు కూడా. ఈ నిజాన్ని చెప్పడానికి ఆయన జంకలేదు.

1938లో మన్మాడ్‌లో జరిగిన రైల్వే కార్మికుల సభలో కూడా ఆయన ఇటువంటి విషయాన్నే బయటపెట్టారు. పట్టాల దగ్గర బరువు పనులు చేసే అంటరానివారికి స్టేషనులో పోర్టరు ఉద్యోగం దొరికేది కాదు. పోర్టరు చేత స్టేషను మాస్టరు తన ఇంటి పనులు కూడా చేయించుకునేవాడు. అంటరానివాడు ఇంటిలోకి రాకూడదు గనుక పోర్టరుగా కూడా ఉండకూడదు. ఉద్యోగానికి కావలసింది సామర్థ్యం. దానితో సంబంధం లేని కారణం చూపి ఉద్యోగం నిరాకరించడమే వివక్ష.

స్త్రీ కార్మికుల కష్టాలను కూడా ఆయన పట్టించుకున్నారు. ప్రసవ సమయంలో కార్మిక స్త్రీలకు సెలవు, భత్యం ఇవ్వాలన్న బిల్లు 1928లో బొంబాయి శాసన మండలి ముందుకు వచ్చినప్పుడు దానిని గట్టిగా సమర్థించారు. స్త్రీ చేసే పనివల్ల లాభం పొందే యజమాని ఆ భారంలో పాలుపంచుకోవాలని వాదించారు. మరుసటి ఏడు ఆ చట్టం వచ్చింది. 1942 నుంచి 1946 వరకు ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యులుగా ఉన్నారు. ఆ కాలంలోనే, 1943లో, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలలో షెడ్యూల్డు కులాలవారికి ఎనిమిదిన్నొక మూడోవంతు శాతం, అనగా పన్నెండు ఖాళీలలో ఒకటి, కేటాయించడం మొదలయింది. ఏడాది పొడవునా నడిచే కర్మాగారాలలో వారానికి 54 గంటలుగా ఉన్న పనిని 48 గంటలకు తగ్గించే చట్ట సవరణ 1946లో వచ్చింది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఆయన తొలి న్యాయశాఖ మంత్రి అయ్యారు. 1947 ఆగస్టు 29న ఏర్పడిన రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షులయ్యారు. ఆ సంఘ సభ్యులలో నెల్లూరు జిల్లాలో పుట్టి మద్రాసులో న్యాయవాదిగా పేరు పొందిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఒకరు. రాజ్యాంగం 1950 జనవరి 26న అమలులోకి వచ్చింది. దానిలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలలో పౌరులందరికీ సమాన అవకాశం కల్పించింది. 15వ అధికరణంలోని రెండవ భాగం చదివినవారికి మహాడ్ చెరువు గుర్తుకు రాకమానదు. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అన్న కారణాలు చూపి దుకాణాలలోకి, హోటళ్ళలోకి, వినోదశాలలలోకి ఎవరినీ రానీయకుండా ఆపరాదని అది చెబుతున్నది. ప్రజాధనంతో నడిచే, లేదా ప్రజల వాడకానికి వదిలిన బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల విషయంలోనూ అంతే.

1948 నవంబరు 29న ఈ అధికరణం చర్చకు వచ్చినప్పుడు దుకాణం అనే మాటకు అర్థమేమిటని కొందరు సభ్యులు అడిగారు. అంబేద్కర్ ఆ మాటను చాలా విశాలమైన అర్థంలో వివరించారు. కోరివచ్చినవారికి ఎవరు ప్రతిఫలం తీసుకుని సేవ అందించడానికి సిద్ధపడతారో వారి చోటు దుకాణమే. వైద్యుని గది కూడా దానిలోకి వస్తుంది. న్యాయవాది కచేరీ కూడా వస్తుంది. లోపలికి రానిచ్చి ఊరక కూర్చోబెడితే చాలదు; సేవ కూడా అందించాలి. ఈ వివరణ ఎంత అవసరమో ఆయనకు తెలిసిన ఒక విషాదం చూపుతుంది. కాఠియావాడ్‌లో ఒక దళిత ఉపాధ్యాయుని భార్య ప్రసవం తరువాత జబ్బుపడింది. వైద్యుడు ఆమెను చేతితో తాకలేదు. జ్వరం చూసే గొట్టాన్ని మరొకరి చేతికిచ్చి, వారి ద్వారా భర్తకు అందించి చూశాడు. రెండవసారి వచ్చి చూడడానికి ఒప్పుకోలేదు. ఆమె మరణించింది. 1929లో పత్రికలో వచ్చిన ఈ ఉదంతాన్ని అంబేద్కర్ తన రచనలో పొందుపరిచారు.

స్త్రీలకు ఆస్తి హక్కు మొదలైనవి కల్పించే హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగనందున ఆయన 1951లో మంత్రిపదవికి రాజీనామా చేశారు. 1953లో ఉస్మానియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటుతో ఆయనను సత్కరించింది. అంటరానితనాన్ని శిక్షించే బిల్లు 1954లో రాజ్యసభ ముందుకు వచ్చినప్పుడు ఆయన సభ్యులుగా ఉన్నారు. అది పౌరహక్కులను కాపాడే చట్టం గనుక దాని పేరులో ఆ మాట ఉండాలని ఆయన సూచించారు. అప్పుడు ఆ సూచన అంగీకారం పొందలేదు. 1955లో వచ్చిన ఆ చట్టం ప్రకారం అంటరానితనం కారణంగా వస్తువు అమ్మకపోవడం, సేవ చేయకపోవడం, ఆసుపత్రిలో చేర్చుకోకపోవడం నేరాలయ్యాయి. 1976లో చట్టాన్ని సవరించి పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చారు. ఆ మార్పును చూడడానికి ఆయన జీవించి లేరు. 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షలాది అనుచరులతో బౌద్ధమతం స్వీకరించి, ఆ ఏడు డిసెంబరు 6న ఢిల్లీలో కన్నుమూశారు. 1990లో భారత ప్రభుత్వం ఆయనకు భారతరత్న ప్రకటించింది.

అంబేద్కర్ వేసిన దారిలో తరువాత మరికొన్ని చట్టాలు వచ్చాయి. పనిచేసేచోట స్త్రీల గౌరవాన్ని కాపాడడానికి 2013లోను, వికలాంగులకు చదువులో, కొలువులో, ప్రజాసేవలలో సమానత్వం కోసం 2016లోను చట్టాలు చేశారు.

విద్యార్థులారా! మీరు తెలుగు నాడుకు వెలుపల ఉండి తెలుగులో చదువుకుంటున్నారు. భాష తక్కువమందిదైనా వారి పిల్లలకు మాతృభాషలో చదువుకునే అవకాశం ఉండాలని ఇదే రాజ్యాంగం చెబుతున్నది. రేపు మీలో ఒకరు దుకాణం నడుపుతారు. ఒకరు వైద్యులవుతారు. ఒకరు పదిమందికి పని ఇచ్చే యజమానులవుతారు. మీ ముంగిటికి వచ్చినవారిని పేరు, ఊరు, భాష, కులం అడిగి కాక, వారి అవసరం అడిగి ఆదరించండి. మహాడ్‌లో తీర్మానం జరిగిన తరువాత మూడేళ్ళు చెరువు దగ్గరకు ఎవరూ పోలేకపోయారు. చట్టం తలుపు తీయగలదు. లోపల ఉన్నవారు ఆదరంగా పిలిచినప్పుడే ఆ తీసిన తలుపుకు అర్థం ఉంటుంది.

అభ్యాసం

1. బడిలోనూ, మసూరు ప్రయాణంలోనూ బాలుడైన భీమ్‌రావుకు ఎదురైన కష్టాలను వివరించండి.
2. బరోడాలో ఉద్యోగం దొరికినా అంబేద్కర్ అక్కడ ఎందుకు ఉండలేకపోయారు? ఉద్యోగి పట్ల యజమానికి ఉండవలసిన బాధ్యతలేవి?
3. 1927 డిసెంబరులో అంబేద్కర్ జనాన్ని చెరువు దగ్గర నీరు తాగకుండా ఆపారు. అది సరియైన పనేనా? మీ అభిప్రాయం రాయండి.
4. మిల్లులో నేత విభాగంలోకి అంటరానివారిని ఎందుకు రానీయలేదు? అందులో సాటి కార్మికుల తప్పేమిటి?
5. దుకాణం అనే మాటకు అంబేద్కర్ ఇచ్చిన వివరణను మీ సొంత మాటలలో చెప్పండి.
6. ఈ కింది పదాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి: చలివేంద్రం, బాడుగ, కచేరీ, వ్యాజ్యం, వివక్ష, ప్రతిఫలం.
7. మీ ఊరిలో అందరూ వాడుకునే బావి, బస్సు నిలయం, ఆసుపత్రి, గ్రంథాలయం వంటి చోట్లలో ఒకదానికి వెళ్ళి చూడండి. అక్కడ అందరికీ ఒకే విధమైన ఆదరణ ఉన్నదా? గమనించి పది వాక్యాలు రాయండి.